నమ్మకమైన చేతులు
(రేడియో ప్రసంగ పాఠము)

పొయ్యి మీద కూర పెట్టి రేడియో వింటున్న తల్లులకు, పనికి బయలుదేరుతూ ఒక చెవి ఇటు పెట్టిన సహోదరులకు, ఆసుపత్రి మంచం మీద నుండి ప్రతి వారం మాకు ఉత్తరం రాసే ఆ పెద్దాయనకు కూడా వందనములు.

ఈ రోజు ఒక మెకానిక్కును గురించి చెప్పాలని ఉంది. విమానాల మెకానిక్కు. పేరు నేట్ సెయింట్. మీలో చాలామందికి ఆయన హతసాక్షిగా తెలుసు. 1956 జనవరి 8వ తేదీన దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశపు అడవిలో, కురరాయ్ నది ఒడ్డున ఈటెల పోట్లకు చనిపోయిన ఐదుగురు మిషనరీలలో ఈయన ఒకరు. జనవరి నెల వచ్చిందంటే మన సంఘాలలో ఎవరో ఒకరు ఆ సంగతి చెబుతూనే ఉంటారు. జిమ్ ఎలియట్ గారి పేరు ముందు చెబుతారు, మిగిలిన నలుగురి పేర్లు వెనక గబగబా చదివేస్తారు. కథ ఆ చివరి ఆదివారం దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. నేను కూడా చాలాసార్లు అలాగే చెప్పాను. మరి ఆ ఆదివారానికి ముందు ఏడేళ్ళకు పైగా ఆయన అదే అడవి అంచున భార్యాపిల్లలతో కాపురం ఉన్నాడు. ఆ ఏడేళ్ళలోని సోమవారాలు, మంగళవారాలు ఎలా గడిచాయో మనం అడగము.

నేను ఎందుకు అడుగుతున్నానంటే, మా నాన్నగారు కూడా మెకానిక్కే. విమానాలు కాదు లెండి, ఆర్టీసీ బస్సులు. డిపో నుండి ఇంటికి రాగానే నూతి దగ్గర కిరసనాయిలుతో చేతులు కడుక్కొని, తర్వాత సబ్బుతో కడుక్కొని, అప్పుడుగాని మమ్మల్ని ఎత్తుకునేవారు కాదు. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో నలుపు పోయేది కాదు. ఒక రాత్రి అన్నం ముందు కూర్చుని, ముద్ద చేతిలో పట్టుకొని ఆగిపోయారు. సాయంత్రం బ్రేకులు విప్పి బిగించిన బండిలో ఒక పిన్ను పెట్టానా లేదా అని అనుమానం వచ్చింది. చెయ్యి కడుక్కొని లేచి, సైకిలు తీసుకొని డిపోకు వెళ్ళారు. అమ్మ కోపపడింది. గంటన్నర తర్వాత తిరిగి వచ్చారు. పిన్ను పెట్టే ఉందట. "పెట్టి ఉన్నదానికి ఇంత రాత్రివేళ ఎందుకండీ వెళ్ళడం?" అని అమ్మ అడిగితే, "రేపు పొద్దున ఆ బస్సు ఎక్కే పిల్లలు ఎవరి పిల్లలో!" అన్నారు. చల్లారిన అన్నమే తిన్నారు. నేట్ సెయింట్ గారి జీవితం చదివిన ప్రతిసారీ నాకు ఆ సైకిలు గుర్తుకొస్తుంది.

నేట్ 1923 ఆగస్టు 30న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టాడు. ఎనిమిదిమంది పిల్లలున్న ఇల్లు. తండ్రి లారెన్స్ సెయింట్ దేవాలయాల కిటికీలకు రంగుల అద్దాలు చేసే కళాకారుడు. వాషింగ్టన్ నగరంలోని పెద్ద కతీడ్రల్‌లో ఆయన చేసిన కిటికీలు ఉన్నాయి. అన్న ఒకాయన విమానం నడిపేవాడు. చిన్నప్పుడు అన్నతో కలిసి విమానం ఎక్కిన పిల్లవాడికి ఇక వేరే ఆశ లేకపోయింది. పైలట్ కావాలి, అంతే.

కానీ చిన్నతనంలోనే కాలి ఎముకకు చీము పట్టే జబ్బు చేసింది, నయమైంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో చేరి, పైలట్ శిక్షణకు ఎంపికై, ఇక విమానం ఎక్కబోతుండగా అదే కాలిలో మళ్ళీ వాపు కనిపించింది. అంతటితో సైన్యంలో పైలట్ అయ్యే దారి మూసుకుపోయింది. మెకానిక్కు పనిలోనే ఉండిపోయాడు. విమానాలు నడపాలని వెళ్ళినవాడు ఇతరులు నడిపే విమానాల కింద పడుకొని బోల్టులు బిగించాడు. ప్రియులారా, మనలో ఎంతమంది ఇలాంటి మూసిన తలుపు ముందు నిలబడి ఏళ్ళు గడిపి ఉంటారో! డాక్టరు కావాలనుకొని కాంపౌండరు అయినవారు, టీచరు కావాలనుకొని అటెండరు అయినవారు మీలో ఉన్నారు. నేట్ ఆ నిరాశను తేలికగా మింగాడని నేను చెప్పను. మింగలేదు. చాలాకాలం బాధపడ్డాడు.

1944 డిసెంబరు 31 రాత్రి డెట్రాయిట్ నగరంలో ఒక వాచ్‌నైట్ ఆరాధనకు వెళ్ళాడు. మనము ఏటేటా డిసెంబరు 31 రాత్రి కూడుకుంటామే, అలాంటిదే. ఆ రాత్రి తన జీవితాన్ని మిషనరీ సేవకు అప్పగించుకున్నాడు. ఆ వెంటనే ఆయనకు పరలోకపు దర్శనాలేమీ రాలేదు. వచ్చింది విరిగిన విమానం. సైన్యం నుండి విడుదలయ్యాక, అప్పుడే మొదలైన మిషనరీ ఏవియేషన్ ఫెలోషిప్ వారి విమానం ఒకటి మెక్సికోలో పాడైపోతే, దాన్ని బాగుచేయడానికి పంపారు. అంటే దేవుని పనిలోకి ఆయన రెంచి పట్టుకొనే అడుగుపెట్టాడు. నిర్గమకాండము 31వ అధ్యాయంలో బెసలేలు సంగతి చూడండి. బంగారము, వెండి, ఇత్తడి, రాయి, కర్ర, వీటిమీద పని చేయడానికి దేవుడు అతన్ని తన ఆత్మతో నింపాడని అక్కడ ఉంది. మనం ప్రసంగీకుల మీదికి, పాటలు పాడేవారి మీదికి ఆత్మ రావాలని ప్రార్థిస్తాం. వడ్రంగి మీదికి, ఫిట్టరు మీదికి రావాలని మన సంఘ ప్రార్థనలో చివరిసారి ఎప్పుడు అడిగామో నాకైతే గుర్తులేదు.

1948 ఫిబ్రవరి 14న నేట్, మార్జరీ అనే నర్సును వివాహం చేసుకున్నాడు. అందరూ ఆమెను మార్జ్ అనేవారు. అదే సంవత్సరం సెప్టెంబరులో ఇద్దరూ ఈక్వడార్ చేరారు. ఆండీస్ పర్వతాలు దిగి అమెజాన్ అడవి మొదలయ్యే చోట షెల్ మేరా అనే ఊరు ఉంది. షెల్ ఆయిల్ కంపెనీవారు వేసుకున్న స్థావరం కాబట్టి ఆ పేరు. అక్కడ తమ చేతులతోనే ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంట్లోనే రేడియో గది, వచ్చిపోయే మిషనరీలకు పడకలు, రోగులకు చోటు. ఆ సంవత్సరాంతంలోనే క్విటో నగరంలో నేట్ నడుపుతున్న విమానం కూలింది. వెన్నుకు దెబ్బ తగిలి ఒంటికి ప్లాస్టరు వేశారు. అప్పటికి మార్జ్ మొదటి బిడ్డను మోస్తోంది. పరదేశంలో తొలి చూలాలికి అది ఎలాంటి క్రిస్మస్ కాలమో తల్లులకు నేను వివరించనక్కరలేదు.

ఆ తర్వాత ఆయన ఆలోచనంతా ఒక్కదాని మీదికి తిరిగింది. ఈ చిన్న విమానాలకు ఒక్కటే ఇంజిను. కింద చూస్తే ఎటు చూసినా చెట్లే. పెట్రోలు గొట్టంలో చిన్న నలుసు అడ్డం పడినా, నీటి చుక్క చేరినా ఇంజిను ఆగిపోతుంది. ఆగితే దిగడానికి చోటు లేదు. అందరూ దాన్ని ఈ పనిలో ఉండే ప్రమాదంగా ఒప్పుకున్నారు. నేట్ ఒప్పుకోలేదు. డబ్బారేకు, సన్నని లోహపు గొట్టం తీసుకొని రెండవ దారి ఒకటి కట్టాడు. విడిగా ఒక చిన్న పెట్రోలు డబ్బా, దాని నుండి కార్బ్యురేటర్‌తో సంబంధం లేకుండా నేరుగా ఇంజిను గాలి పీల్చుకునే గొట్టంలోకి ఒక పాయ, పైలట్ చేతికి అందేట్టుగా ఒక కుళాయి. అసలు దారి మూసుకుపోతే ఈ కుళాయి తిప్పుకోవాలి. కట్టి ఊరుకోలేదు. తానే విమానం ఎక్కి, గాలిలో ఉండగానే అసలు పెట్రోలు ఆపివేసి, ఇంజిను ఆ రెండవ దారి మీద నడుస్తుందో లేదో చూశాడు. నడిచింది. ఇంట్లో పిల్లలున్న మనిషి అంత పైన ఇంజినుకు పెట్రోలు ఆపడం సాహసమా అంటే, నేను కాదంటాను. అడవి మీద ఒకనాడు దానంతటదే ఆగిపోవడం కంటే, అన్నీ సిద్ధం చేసుకొని తాను ఆపి చూడటం మేలనుకున్నాడు. మా నాన్నగారు సైకిలు తీసింది ఇందుకే.

ఇంకొకటి చెప్పాలి. విమానం దిగలేని చోట ఉన్నవారికి మందులు ఎలా అందించాలి? పైనుండి పడవేస్తే పగిలిపోతాయి. నేట్ వెయ్యి అడుగులకు పైగా పొడవైన తాడు చివర కాన్వాసు బకెట్టు కట్టి విమానం వెనక వదిలాడు. విమానం ఒకే చోట గుండ్రంగా తిరుగుతుంటే, గాలి ఒత్తిడికి తాడు లోపలికి వంగుతూ, సుడి తిరుగుతూ వచ్చి, బకెట్టు ఆ గుండ్రం నడుమకు చేరి దాదాపు కదలకుండా వేలాడుతుంది. నూతిలో చేద దించినట్టు దాన్ని కిందివారి చేతికి దించవచ్చు. వాళ్ళు మందులు తీసుకొని, తమ ఉత్తరాలు అందులో పెడితే పైకి లాక్కోవచ్చు. ఒకసారి అందులో టెలిఫోను పెట్టి, తాడుతోపాటే తీగ వేసి, కిందనున్న మిషనరీతో ఆకాశం నుండి మాట్లాడాడు! రోజులకొద్దీ బురదలో నడిస్తేగాని చేరలేని చోట్లకు ఆయన నిమిషాలలో వెళ్ళేవాడు. మోసేది ప్రతిదీ తూకం వేసి ఎక్కించేవాడు. ఎంత బరువు, ఎంత పెట్రోలు, నేల ఎంత పొడవు అని లెక్క చూసుకోకుండా బయలుదేరేవాడు కాదు. విశ్వాసం ఉన్నవాడికి లెక్కలెందుకు అనేవారు మన మధ్య ఉన్నారు. లూకా సువార్త 16వ అధ్యాయం 10వ వచనం తీసి చదువుకోండి. చాలా కొద్దిదానిలో నమ్మకంగా ఉండటం గురించి ప్రభువు అక్కడ చెప్పాడు. పెట్రోలు డబ్బా మూత బిగిందో లేదో చూడటం చాలా కొద్ది పని.

ఇప్పటివరకు ఆయన సంగతి చెప్పాను. ఆమె సంగతి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. విమానం లేచిన దగ్గర నుండి దిగేవరకు మార్జ్ రేడియో దగ్గర ఉండేది. ఎక్కడున్నాను, ఏ నది మీదున్నాను అని ఆయన మధ్యమధ్య చెబుతుంటే ఆమె రాసుకునేది. ఏదైనా జరిగితే ఎక్కడ వెదకాలో ఆ కాగితమే చెబుతుంది. ఆ గదిలో నుండే అడవిలోని ఇతర మిషనరీలతో మాట్లాడేది, ఎవరికి ఏ సరుకు కావాలో రాసుకునేది. వంట, అతిథులు, ముగ్గురు పిల్లలు, ఇవన్నీ దానితోపాటే. మీరంతా ఇప్పుడు రేడియో వింటున్నారు కదా. ఆమె కూడా వినేది. మనం వినడం మానేసి నొక్కు నొక్కితే ఏమీ కాదు. ఆమె చెవి పక్కకు పోతే ఒక మనిషి ఎక్కడున్నాడో లోకంలో ఎవరికీ తెలియదు.

ఇక ఆ చివరి నెలల సంగతి. ఆ అడవిలో బయటివారిని ఎవరినీ రానివ్వని జనాంగం ఒకటి ఉండేది. చుట్టుపక్కలవారు వారిని ఆకాలు అనేవారు. అది అడవి మనుషులని ఈసడించే మాట. వారు తమను తాము వావోరానీ అని చెప్పుకుంటారు, మనుషులు అని దాని అర్థం. పూర్వం రబ్బరు కోసం వచ్చినవారు అడవి జనుల మీద చేసిన ఘోరాల తర్వాత బయటివాడంటే వారికి శత్రువే. వారిలో వారికి కూడా పగలు, ఈటెలు, చావులు. 1955 అక్టోబరు 6 నుండి నేట్, ఆయన స్నేహితులు ఆ తాడుతోనే వారికి కానుకలు దించసాగారు. మొదట దించింది రంగు రిబ్బన్లు కట్టిన అల్యూమినియం గిన్నె. వారాల తరబడి ఇచ్చాక, వారు కూడా తాడుకు కానుకలు కట్టి పంపారు. ఒకసారి బుట్టలో బ్రతికున్న చిలుకను పెట్టి, దారిలో తినడానికి అరటిపండు ముక్క కూడా పెట్టారు. ఆ చిలుక నేట్ కొడుకు స్టీవ్ పెంపుడు చిలుక అయింది. ఒక గుడిసె కప్పు మీద విమానం బొమ్మ చెక్కి పెట్టుకోవడం కూడా పైనుండి చూశారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెబుతాను. ఈ ప్రయత్నాన్ని వారు చాలా రహస్యంగా ఉంచారు. నేట్ సొంత అక్క రేచల్ అప్పటికే ఆ జనాంగం నుండి పారిపోయి వచ్చిన దయూమా అనే స్త్రీ దగ్గర ఆ భాష నేర్చుకుంటోంది. ఆమెకు కూడా చెప్పలేదు. కారణాలు వారికి ఉన్నాయి. అయినా ఈ సంగతి నాకు మింగుడుపడదు. భాష తెలిసిన అక్కతో మాట్లాడి ఉంటే ఏమయ్యేదో మనకు తెలియదు. హతసాక్షులను మనం గౌరవిస్తాం, కాని వారు చేసిన ప్రతి నిర్ణయాన్నీ వాక్యంలా చదవనక్కరలేదు.

1956 జనవరి 3న కురరాయ్ ఇసుక తిన్నె మీద విమానం దించాడు. ఒక్కొక్కరినీ తీసుకువచ్చి దించి, ఇసుకలో విమానాన్ని రాత్రి వదలడం ఇష్టం లేక రోజూ సాయంత్రం తిరిగి వెళ్ళిపోయేవాడు. ఆ జాగ్రత్త చివరిదాకా మారలేదు. 6వ తేదీ శుక్రవారం ముగ్గురు వావోరానీలు వచ్చారు. వారిలో ఒకతన్ని విమానంలో ఎక్కించి తిప్పాడు కూడా. 8వ తేదీ ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు నేట్ రేడియోలో మార్జ్‌తో మాట్లాడాడు. కొందరు ఇటే వస్తున్నట్టు పైనుండి చూశానని సంతోషంగా చెప్పాడు. మళ్ళీ నాలుగున్నరకు మాట్లాడుకుందాం అనుకున్నారు.

నాలుగున్నరకు మార్జ్ రేడియో పెట్టుకొని కూర్చుంది. ఏమీ వినబడలేదు.

ప్రియులారా, ఈ నిశ్శబ్దాన్ని నేను త్వరగా దాటిపోలేను. రేడియో చెడిపోయి ఉంటుందేమో, బ్యాటరీ పోయి ఉంటుందేమో అని ఆమె మెకానిక్కు భార్య కాబట్టి వంద కారణాలు ఆలోచించి ఉంటుంది. ఐదు గంటలైంది. చీకటి పడింది. మరునాడు పొద్దున తోటి పైలట్ ఒకాయన వెళ్ళి చూస్తే, తిన్నె మీద విమానం కనబడింది, దాని మీది బట్టంతా చీల్చివేసి ఉంది. ఐదుగురూ చనిపోయారు. ఆ ఐదుగురి దగ్గర తుపాకులు ఉన్నాయి. వాటితో వావోరానీలను చంపకూడదని వారు ముందే నిర్ణయించుకున్నారు. నేట్‌కు అప్పటికి 32 సంవత్సరాలు.

ఆయన ఇంజిను ఆగలేదు. పెట్రోలు గొట్టం మూసుకుపోలేదు. తాడు తెగలేదు. మెకానిక్కుగా ఆయన చేసిన ప్రతి పనీ నిలబడింది, అయినా ఇంటికి రాలేదు. భార్యను, పిల్లలను అంతగా ప్రేమించినవాడు అక్కడికి వెళ్ళవచ్చునా? ఈ ప్రశ్న నన్ను ఒక యౌవన సహోదరి ప్రసంగం తర్వాత అడిగింది. ఆమె భర్త గల్ఫ్‌లో పని చేస్తున్నాడు. ఆమె అడిగింది నేట్ గురించి మాత్రమే కాదని నాకు అప్పుడే అర్థమైంది. నేను ఏదో వచనం చెప్పి పంపేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ రోజు ఆమె వింటుంటే ఇది చెబుతాను: అమ్మా, నీ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. మార్జ్ దగ్గర ఉండాలి, ఆమె బ్రతికినదాన్ని బట్టి.

మార్జ్ వెంటనే అన్నీ సర్దుకొని స్వదేశం వెళ్ళిపోయి అక్కడే ఉండిపోలేదు. క్విటోలో మిషనరీల సేవలో కొనసాగింది. పిల్లలు ఆ దేశంలోనే పెరిగారు. 1966లో వాన్ డెర్ పై అనే దైవజనుణ్ణి వివాహం చేసుకుంది. ఆయన క్విటోలోని క్రైస్తవ రేడియో పరిచర్య నాయకుడు. రేడియో ఆమెను వదల్లేదు చూడండి! 2004లో ప్రభువునందు నిద్రించింది.

రెండేళ్ళ తర్వాత, 1958లో, నేట్ అక్క రేచల్, జిమ్ ఎలియట్ భార్య ఎలిజబెత్ తన చిన్న కూతురితో సహా, దయూమా వెంట ఆ వావోరానీల మధ్యకే వెళ్ళి నివసించారు. ఈటెలు పట్టినవారిలో కొందరు ఈటెలు వదిలేశారు. 1965లో నేట్ పిల్లలు కేథీ, స్టీవ్ అదే కురరాయ్ నదిలో బాప్తిస్మము పొందారు. వారికి బాప్తిస్మమిచ్చినవారు కిమో, ద్యూవీ. ఆ ఆదివారం ఆ తిన్నె మీద ఈటెలు పట్టుకున్నవారిలో వారిద్దరూ ఉన్నారు. ఆ గుంపులోనే ఉన్న మింకాయే అనే ఆయన, తర్వాత స్టీవ్ కుటుంబానికి ఎంత దగ్గరయ్యాడంటే, స్టీవ్ పిల్లలు ఆయన్ను తాతయ్య అని పిలిచారు. 2020లో చనిపోయేవరకు ఆయన ఆ ఇంటి తాతయ్యే. అసలు తాతయ్యను వారు చూడలేదు.

1994లో నదికి వరద వచ్చి ఇసుక కొట్టుకుపోయినప్పుడు, నేట్ విమానపు ఇనుప చట్రం బయటపడింది. 38 సంవత్సరాలు మట్టిలో ఉంది. ఇప్పుడు అమెరికాలోని ఇడాహో రాష్ట్రంలో ఆ మిషన్ కార్యాలయంలో పెట్టి ఉంచారు. రెక్కల బట్ట లేదు, ఇంజిను లేదు, తుప్పు పట్టిన గొట్టాలే. దాని ఫోటో మా నాన్నగారు బ్రతికి ఉండగా ఒకసారి చూపించాను. కళ్ళజోడు పెట్టుకొని చాలాసేపు చూశారు. ఏమైనా అంటారేమో అనుకున్నాను. "అతుకులు బాగున్నాయిరా" అన్నారు.

ప్రార్థన చేసుకుందాం. తండ్రీ, ఈ ఉదయం బస్సు కింద, లారీ కింద, యంత్రం పక్కన పడుకొని పని చేస్తున్న నీ బిడ్డలను జ్ఞాపకం చేసుకొనుము. దూరదేశములో ఉన్న భర్త ఫోను కోసం కనిపెట్టుచున్న మా సహోదరీలను జ్ఞాపకం చేసుకొనుము. నాలుగున్నర దాటిపోయిన ఇళ్ళలో నీవు కూర్చుండుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.